వేయింట రెండు

కుడియెడమలను తారుమారు చేసి, పదార్థమును ప్రతిపదార్థముగా మార్చినను ప్రకృతి నియమములు చెదరవని ఒకప్పుడు మనము నమ్మితిమి. 1964లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో క్రోనిన్, ఫిచ్ ప్రభృతులు దీర్ఘాయువు గల తటస్థ కె-మెసాను కణములను పరీక్షించిరి. మన నమ్మకము నిజమైనచో అవి రెండు పయాను కణములుగా విడిపోరాదు. సుమారు 22,700 క్షయములలో 45 అట్లే విడిపోయినవి! వేయింటికి రెండే, అయినను నియమము నియమమే గదా.

1973లో కొబయాషి, మస్కావా దీనికి ఉపపత్తి చూపిరి. కాని అంత స్వల్పమైన భంగము, ప్రతిపదార్థము నశించి మనము మిగిలియుండుటకు చాలదు. కనుకనే మరింత అరుదైన క్షయములను వెదకుచున్నాము. ధనావేశము గల కె-మెసాను ఒక పయానుగాను, న్యూట్రినోల జంటగాను మారుట పదివేల కోట్లలో సుమారు 13 మారులని 2024లో జెనీవా చెంతనున్న సెర్న్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. సిద్ధాంతము చెప్పునది ఎనిమిదో, తొమ్మిదో. ఈ తేడా కేవలము యాదృచ్ఛికము కావచ్చును. మరిన్ని క్షయములను లెక్కించినగాని తేలదు.