కొన నుండి మొదటికి: కథామాల కూర్చు విధము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లపాటు ఒక గ్రామము తన గ్రంథాలయ దీపమును ఆరనీయక కాపాడుకొనుట సామాన్య విషయము కాదు. ఈ శుభ సమయమున కథలు చదువుటను గూర్చి కాక, కథలు కూర్చుటను గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఇచటి యువకులు కొందరు తమ ఊరి కథను వరుస నవలలుగా వ్రాయ సంకల్పించినారట. అయితే నేటి కాలముతో ఆరంభించి, పుస్తకమునకొక తరము చొప్పున వెనుకకు పోవుచు, తాతముత్తాతలతో ముగింపదలచినారట. ఇది సాధ్యమా? సాధ్యమైనచో ప్రయోజనమేమి? పద్ధతి యెట్టిది? ఈ మూడు ప్రశ్నలకు నాకు తోచిన సమాధానములు మనవి చేసెదను.

సాధ్యమే. వెనుకకు చూచు కథనము మనకు క్రొత్త కాదు. భారత కథను వినువాడు జనమేజయుడు. వినబడునది ఆతని ముత్తాతల వృత్తాంతము. పదునారవ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయమున, ముందు జరిగినవాని మర్మము వెనుకనే తెలియునట్లు కథ నల్లెను. పసికూన మధురలాలస తాను పూర్వజన్మమున కలభాషిణినని జ్ఞప్తికి తెచ్చుకొనిన పిమ్మట గాని చిక్కుముడులు వీడవు. ఇవి కథలోని కథలు. కథ మొత్తమును కొన నుండి మొదటికి నడిపించిన ప్రయోగములు పాశ్చాత్యులలో కలవు. 1934లో జార్జి కాఫ్‌మన్, మాస్ హార్ట్ అను ఇరువురు అమెరికను రచయితలు ఒక నాటకము నట్లు వ్రాసిరి. ఇంగ్లండున హెరాల్డ్ పింటర్ 1978లో ఒక రహస్య ప్రణయమును, అది ముగిసిన పిదప నుండి మొదలైన నాటివరకు, చాలవరకు వెనుకకే నడిపెను. జూలియా అల్వరేజ్ 1991లో ప్రకటించిన నవలలో నలుగురు అక్కచెల్లెండ్ర జీవితము 1989లో మొదలై 1956లో ముగియును.

ఇక ప్రయోజనము. ముందునకు నడచు కథలో పాఠకుడు “తరువాత ఏమాయెను?” అని అడుగును. వెనుకకు నడచు కథలో “ఇది ఇట్లేల ఆయెను?” అని అడుగును. మొదటి ప్రశ్న కుతూహలము, రెండవది విచారణ. ఫలమును ముందు చూపి, చెట్టును పిదప చూపి, విత్తును కడపట చూపుట యన్నమాట.

పద్ధతిని ఉదాహరణముతో చెప్పెదను. నేను మలక్‌పేట వాడను గనుక ఆ పేటనే తీసికొనెదను. అది మూసీనదికి దక్షిణపు టొడ్డున, చాదర్‌ఘాట్ వంతెన దాటగనే వచ్చును. మహబూబ్ అలీ పాషా కాలమున, 1886లో, గుఱ్ఱపు పందెముల మైదానము అచటికి వచ్చెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెత్తెను. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు పోలీసు చర్య నడచెను. 2018 సెప్టెంబరు 24న ఆ దారి మీదుగా మెట్రో రైలు నడక సాగించెను. ఈ నాలుగు తేదీలపై ఒక కల్పిత కుటుంబమును నిలుపుదము.

మొదటి పుస్తకము 2018. ఎనుబదేండ్ల అవ్వ వానపడు రాత్రులలో వీధి తలుపునకు గడియ వేయనీయదు. మనుమలు నవ్వుదురు. “మా అవ్వ అట్లే చేసేది” అనుట తప్ప ఆమెకును కారణము తెలియదు. రెండవది 1948. గడియ లేని ఆ తలుపు త్రోసికొని, భయముతో పరుగెత్తి వచ్చిన పొరుగువాడొకడు ప్రాణము దక్కించుకొనును. అతిథుల కొరకే ఆ ఆచారము పుట్టెనని ఇంటివారు తలతురు. మూడవది 1908. వరద రాత్రి, భయపడి గడియ బిగించిన ఇంట, తలుపు తట్టిన చప్పుడు వాన హోరులో ఎవరికిని వినబడలేదు. తెల్లవారిన పిదప వాకిట ఒక చెప్పు మాత్రము మిగిలెను. నాలుగవది 1886. క్రొత్తగా ఇల్లు కట్టుకొనిన గృహస్థు టేకు తలుపు నిలిపి, దానికి బలమైన గడియ తానే బిగించి, “ఇక మనకు భయము లేదు” అని భార్యతో సంతోషముగా చెప్పును. కథ అచటనే ముగియును. వరుసగా వ్రాసినచో ఆ మాట సామాన్యము. వెనుక నుండి వచ్చిన పాఠకునికి అదియే గుండె కలచివేయును.

దీనికి మూడు నియమములు చాలును. మొదటిది: వ్రాయుట తిరుగవేసినను, కాలపట్టికను తిన్నగనే వ్రాసికొనవలెను, పాత్రల వయస్సులను ఎదుట పెట్టుకొనవలెను. మన అవ్వ 1948లో పదేండ్ల పిల్ల. 1908 నాటికి పుట్టనే లేదు. వరదను ఆమె కన్నులతో చూచినట్లు చెప్పించరాదు. రెండవది: తరువాతి తరమువారికి సత్యము తెలియరాదు, వదంతి మాత్రమే తెలియవలెను. ప్రతి పుస్తకము ముందటి దాని వదంతిని సవరింపవలెను. అయినను ప్రతిదానికి తనదైన ప్రశ్న, తనదైన సమాధానము ఉండవలెను. మూడవ సంపుటము మాత్రమే దొరికిన చందాదారుడు నష్టపోరాదు. మూడవది: కడపటి పుస్తకము ఎవరు పుట్టిరో చెప్పి ఊరకుండరాదు. వేరొక దారి ఇంకను తెరచియున్న క్షణమున ఆగవలెను.

మరియొక మాట. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను ప్రజల చెంతకు చేర్చిన వట్టికోట ఆళ్వారుస్వామిని మీరెరుగుదురు. ఆయన ‘ప్రజల మనిషి’ తరువాత ‘గంగు’ను చేపట్టి, అది పూర్తికాకమునుపే 1961లో కన్నుమూసెను. తెలంగాణపు కథను నవలలుగా చెప్పు పనిని పిదప దాశరథి రంగాచార్య కొనసాగించెను. ముందునకు నడచు మాల తెగినచో ముగింపు పోవును. వెనుకకు నడచు మాల తెగినచో మూలమే పోవును. కావున యువకులారా, మొదటి పుట వ్రాయకముందే కడపటి పుస్తకపు సారమును ఒక కాగితముపై వ్రాసి ఈ గ్రంథాలయపు బీరువాలో భద్రపరచుడు. ఒకరు ఆగినచోట మరియొకరు అందుకొందురు.

అన్నిటికంటె త్వరపడవలసినది ఒకటి కలదు. వ్రాయుట నేటి నుండి వెనుకకు. సేకరించుట మాత్రము పాతది ముందుగా జరుగవలెను. నేటి సంగతి రేపైనను దొరకును. 1948లో పదేండ్ల పిల్లలు నేడు ఎనుబది దాటిన వృద్ధులు. మీరు కడపట వ్రాయదలచిన పుస్తకమునకు సాక్షులు వారే, లేదా వారు తమ అవ్వల నోట విన్న మాటలే. వారి మాట వినకపోయినచో మీ మాలకు మొదటి పుస్తకముండును, కడపటిది ఉండదు. తలుపునకు గడియ ఎందుకు వేయరో ఎవరును చెప్పజాలరు.

కాబట్టి ఈ వారమే ఒక నోటుపుస్తకము తీసికొని, ఊరిలో అందరికంటె పెద్దవారి యింటికి పొండు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ కథామాల బీరువాలో నిండుగా నిలుచుగాక యని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.