ఉడకడం వేరు, కాలడం వేరు



ఆదివారం వచ్చిందంటే పిల్లలు "అమ్మా, హోటల్లో తిన్నామే, ఆ బార్బెక్యూ కోడి ఇంట్లో చెయ్యవా?" అని వెంటపడతారు. ఇప్పుడు అందరి ఇళ్ళలో బొగ్గుల కుంపటి లేదు. మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం చాలా ఇళ్ళలో పాలు వేడిచేయడానికే పరిమితమై ఓ మూల కూర్చుంది. దానితో ఆ రుచి తేగలమా అన్నదే ఈనాటి ముచ్చట.

ముందు నా భంగపాటు చెప్పుకుంటాను. మొదటిసారి లెగ్‌పీసులకు ఎర్రగా సాస్ పట్టించి, ఓవెన్‌లో పెట్టి తీసి వడ్డించాను. చూపుకు భలేగా ఉన్నాయి. మా అత్తగారు ఒకటి విరిచి, ఎముక దగ్గర చూపించి, "ఏమమ్మా, ఇది నిప్పు మొహం చూసిందా?" అన్నారు. లోపల పచ్చిగా ఉంది. అప్పటికే మా చిన్నవాడు రెండుసార్లు కొరికేశాడు. ఆ రాత్రి వాడి నుదురు ఎన్నిసార్లు తాకి చూశానో! అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు. కానీ బడిలో పాఠాలు చెప్పే నేను ఆ రోజు ఇంట్లో ఒక పాఠం నేర్చుకున్నాను.

మన బళ్ళారి వైపు ఇళ్ళలో రెండు భాషలు ఒకే పొయ్యి దగ్గర వినిపిస్తాయి. తెలుగులో ఉడికించడం, కాల్చడం అంటాం. కన్నడంలో బేయిసువుదు, సుడువుదు అంటారు. రెండు భాషలకూ ఆ తేడా తెలుసు. మైక్రోవేవ్‌కు మాత్రం తెలిసింది ఉడికించడమే. దాని తరంగాలు ముఖ్యంగా మాంసంలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి. తడి ఉన్నంతసేపు ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటడం కష్టం. కాలిన రంగు, కమ్మని వాసన రావాలంటే 140 డిగ్రీలైనా ఉండాలి. అందుకని పని రెండుగా పంచుకోవాలి. ఉడికించడం ఓవెన్‌ది, కాల్చడం ఇనుప పెనానిది.

అరకిలో లెగ్‌పీసులకు గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద, కారం పట్టించి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. తరువాత గాజు పాత్రలో, లావు భాగం అంచు వైపు, సన్న భాగం మధ్యకు వచ్చేలా పేర్చండి. స్టీలు పాత్ర పనికిరాదు. మూత వదులుగా పెట్టి, 800 వాట్ల ఓవెన్‌లో ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడికించండి. సగంలో ముక్కలు తిప్పండి. ఓవెన్ ఆగాక మూత తీయకుండా మూడు నిమిషాలు ఉంచండి. తరంగాలు ముక్కలోకి కొద్ది లోతుకే చొరబడతాయి. ఎముక దాకా వేడి మెల్లగా పాకాలి.

ఈలోగా నాలుగు చెంచాల టొమాటో సాస్, రెండేసి చెంచాల బెల్లం, చిక్కని చింతపండు పులుసు, కాస్త వెల్లుల్లి కలిపి చిక్కబడేదాకా కాచండి. కారానికి గుంటూరు మిరప, రంగుకు బ్యాడగి మిరప వేస్తే సరి. వేడెక్కిన పెనం మీద ముక్కలను వెంటనే వేసి, రెండు పక్కలా కాలాక చివరలో ఈ సాస్ పూయండి. ముందే పూస్తే బెల్లం మాడుతుంది. పచ్చి కోడిని ఊరబెట్టిన మసాలా మిగిలితే పారబోయండి. ఉడికిన ముక్కలకు దాన్ని పూయవద్దు.

బొగ్గు వాసన కావాలంటే ముక్కల మధ్య చిన్న స్టీలు గిన్నెలో నిప్పు కణిక ఉంచి, నెయ్యి చుక్క వేసి, రెండు నిమిషాలు మూత పెట్టండి. కిటికీ తెరిచి ఉంచండి. ఈ పని ఓవెన్ లోపల చేయరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పచ్చి కోడిలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులుండవచ్చు. రంగు చూసి మోసపోకండి. నా సాస్ రంగే నన్ను మోసం చేసింది. వంటకు వాడే థర్మామీటరు లావు భాగంలో, ఎముకకు తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి. తక్కువైతే మళ్ళీ ఓవెన్‌లో పెట్టండి. పిల్లల ఆకలికి తొందరపడి వడ్డించకండి.

ఇప్పుడు నేను థర్మామీటరు పెట్టి చూశానని చెప్పినా, మా అత్తగారు మొదటి ముక్క విరిచి చూశాకే పిల్లల పళ్ళేల్లో వేస్తారు. నేను అడ్డు చెప్పను. ఇంట్లో అలాంటి కన్ను మరొకటి ఉండడం మంచిదే కదా!