మీరు రాయబోయే ఆ నాలుగు లైన్లు



ఈ పూట పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది కొద్ది నెలల్లో ఏదో ఒక ఆఫీసులో కోడ్ రాస్తుంటారు. అందుకే లింకులు పంచుకోవడం గురించి మాట్లాడదామని వచ్చాను.

1997లో అమెరికాలో స్లాష్‌డాట్ అనే వార్తల సైటు మొదలైంది. అందులో ఎవరి పేజీకైనా లింకు పడితే వేలమంది ఒక్కసారిగా అక్కడికి వెళ్లేవారు. చిన్న సైటైతే కుప్పకూలేది. దానికి ‘స్లాష్‌డాట్ ఎఫెక్ట్’ అని పేరే స్థిరపడిపోయింది. అయినా వెళ్లినవాళ్లు మనుషులు, చదవడానికి వెళ్లారు. ఇప్పుడు మనిషి కన్నా ముందు యంత్రం వెళ్తోంది.

మాస్టొడాన్ సంగతే తీసుకోండి. 2016లో వచ్చిన ఈ సోషల్ నెట్‌వర్క్‌కు కేంద్రం అంటూ లేదు, ఎవరి సర్వర్ వాళ్లది. ఆ ఆలోచన నాకు ఎంతో ఇష్టం. మీరు అందులో లింకు పెడితే, మీ ఫాలోవర్లున్న ప్రతి సర్వరూ శీర్షిక, బొమ్మ చూపించడం కోసం ఆ పేజీని విడిగా తెచ్చుకుంటుంది. వాళ్లు రెండువేల సర్వర్లలో ఉన్నారనుకోండి, ఒక్కరూ చదవకముందే ఆ సైటు తలుపు రెండువేలసార్లు తట్టినట్టు. తక్కువ అద్దె సర్వర్ మీద, ప్రతి పేజీనీ డేటాబేస్ నుంచి అప్పటికప్పుడు వండి వడ్డించే సైటు దీన్ని తట్టుకోలేదు. 2017లోనే ఈ సమస్య డెవలపర్ల దృష్టికి వచ్చింది. సర్వర్లన్నీ ఒకేసారి ఎగబడకుండా ఒక్కొక్కటీ నిమిషం లోపు ఎంతోకొంత ఆగేలా మార్చారు. పోస్టుతో పాటే ప్రివ్యూ కూడా పంపేస్తే పోదా అని మీరు అడగవచ్చు. పంపే సర్వర్ శీర్షిక మార్చి అబద్ధం చెబితే? ఆ భయం న్యాయమైనదే. కానీ సర్వర్లు ఒకదాన్నొకటి నమ్మనందుకు అయ్యే ఖర్చును, ఈ వ్యవహారంలో పాలే లేని సైటు యజమాని మోస్తున్నాడు. దీన్ని ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు.

లింకు పెట్టినవారిని నేను తప్పుపట్టను. మంచిది కనిపిస్తే నలుగురికీ చెప్పాలనిపించడం మంచి గుణం. ఆ ఒక్క నొక్కును రెండువేలు చేసే కోడ్ ఎవరు రాశారో, బాధ్యత వారిది. రేపు ఆ రాసేది మీరు.

ఇది లింకులకే పరిమితం కాదు. 2003 మేలో అమెరికాలోని మాడిసన్‌లో, కంప్యూటర్లకు సరైన సమయం చెప్పే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారి టైమ్ సర్వర్ మీద అభ్యర్థనలు వరదలా వచ్చిపడ్డాయి. కారణం వెతికితే, నెట్‌గేర్ కంపెనీ ఇళ్లకు అమ్మిన రౌటర్లలో ఆ సర్వర్ చిరునామా నేరుగా కోడ్‌లోనే రాసేసి ఉంది. జవాబు రాకపోతే సెకనుకోసారి మళ్లీ అడగమనీ ఉంది. అలాంటి పరికరాలు దాదాపు 7 లక్షలు తయారయ్యాయి. ఎవరికీ దురుద్దేశం లేదు. బల్ల మీదున్న ఒక్క రౌటర్‌తో పరీక్షిస్తే ఆ తప్పు కనిపించదు కూడా.

మన భాషలో చూడండి. 1998 నుంచి వస్తున్న ఈమాట లాంటి వెబ్ పత్రికలు జీతం తీసుకోని మనుషుల శ్రమతో నడుస్తున్నాయి. ఇలాంటి తాకిడికి అవి ఒక రోజు మూతపడినా నాకు బాధే.

కాబట్టి ఎవరి పేజీనైనా తెచ్చుకునే ప్రోగ్రాం రాసేటప్పుడు, ఒకసారి తెచ్చింది దాచుకోండి. తర్వాత ‘మారిందా’ అని మాత్రమే అడగండి. మారకపోతే 304 అని చిన్న జవాబు వస్తుంది, పేజీ మొత్తం రానక్కర్లేదు. 429, అంటే ‘మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు’ అనే జవాబు, వస్తే ఆగండి, మళ్లీ వస్తే రెట్టింపు సేపు ఆగండి. ప్రోగ్రాం పేరు పక్కన మీ ఈమెయిల్ పెట్టండి. అర్ధరాత్రి సర్వర్ లాగ్ తెరిచి ‘ఎవరు వీళ్లంతా’ అని వెతుక్కుంటున్న మనిషికి మీరు దొరకాలి.