లాటరీ తగిలిందని ఫోన్ వస్తే

(ఆలేరులో మహిళా పొదుపు సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ఇయ్యాల లాటరీ గురించి మాట్లాడుకుందాం. "మాకెందుకమ్మా ఆ ముచ్చట? మేమెన్నడన్న టికెట్ కొన్నమా?" అంటారేమో. కొననోళ్లకే ఇప్పుడు లాటరీ తగులుతున్నది! అందుకే ఈ ముచ్చట.

ముందు నిజం లాటరీ సంగతి చెప్తాను. నిజామాబాద్ జిల్లాలో ఒక రైతు ఉన్నాడు. దుబాయికి పోతే పని దొరకలేదు. తిరిగి వచ్చాడు. భార్య దగ్గర 20,000 రూపాయలు తీసుకున్నాడు. దోస్తుకు ఇచ్చి అబుదాబి లాటరీ టికెట్లు కొనిపించాడు. 2019 ఆగస్టులో ఆయనకు కోటిన్నర దిర్హాములు తగిలాయి. మన లెక్కలో 28 కోట్ల రూపాయలు. అన్ని పేపర్లలో వచ్చింది.

అదే ఆ 20,000 పోయి ఉంటే? ఎవరూ రాయరు. పైసలు పోయినోళ్ల ఇంటికి పేపరోళ్లు రారు కదా.

లాటరీ కొత్తది కాదు. స్పెయిన్ దేశంలో 1812 నుంచి నడుస్తున్నది. మన దేశంలో కేరళ సర్కారు 1967లో లాటరీ శాఖ పెట్టింది. 2022లో ఓణం పండుగకు అక్కడ పెద్ద లాటరీ తీశారు. టికెట్ 500 రూపాయలు. 66 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడుపోయాయి. అంటే 330 కోట్ల రూపాయలు వచ్చాయి. మొదటి బహుమతి 25 కోట్లు. అది ఒక్కరికే.

66 లక్షలంటే ఎంత? బియ్యం గింజలు లెక్కపెడితే రెండు బస్తాలకు తక్కువ కావు. అందులో ఒక్క గింజకు పసుపు పూసి కలిపారనుకోండి. కండ్లు మూసుకొని ఒక్క గింజ తీయాలి. అదే పసుపు గింజ కావాలి! లాటరీ అంటే అది.

ఆ 25 కోట్లు తిరువనంతపురంలో ఒక ఆటో డ్రైవర్‌కు తగిలాయి. పన్ను, ఏజెంటు కమీషన్ పోగా 15 కోట్ల 75 లక్షలు అన్నారు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. పన్ను బహుమతిలో నుంచే కోసుకుంటారు. "ముందు పన్ను కట్టు, తరువాత బహుమతి ఇస్తం" అని ఏ సర్కారూ అడగదు.

మా సంఘంలో ఒక చెల్లె ఉంది. పేరు చెప్పను. ఆమె ఫోన్‌కు వాట్సాప్‌లో ఒక బొమ్మ వచ్చింది. "మీ నంబరుకు 25 లక్షల లాటరీ తగిలింది" అని తెలుగులోనే ఉంది. ఫోన్ చేసినోడు "మేడం, మేడం" అని మర్యాదగా మాట్లాడాడు. మొదట పన్ను అని 8,000 అడిగాడు. తరువాత బ్యాంకు ఖర్చు అని 12,000. ఆ తరువాత ఇంకో 15,000. బర్రె కొందామని తెచ్చిన సంఘం అప్పు అట్లా పోయింది. "ఎవరికీ చెప్పకండి, చెప్తే లాటరీ రద్దయితది" అన్నాడట. ఇరవై రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం సరిగ్గా తినలేదు. ఇంట్లో తెలిస్తే ఏమంటారో అని భయం.

ఆమె చదువు రాని మనిషి కాదు. నాతో పాటే పలక పట్టింది. 25 లక్షలు అని చదివింది. కానీ ఆ ఫోన్ నంబరు ముందున్న అంకెలు చదవలేదు. అక్కడ 92 అని ఉంది. మన దేశం నంబర్లకు ముందు 91 ఉంటుంది. 92 పాకిస్తాన్‌ది. 91 ఉన్నా నమ్మమని కాదు. మన దేశంలోనూ దొంగలున్నారు.

పాల కేంద్రంలో మీరు రోజూ చీటీ చూస్తారు. వెన్న శాతం ఒక్క అంకె తగ్గితే కొట్లాడుతారు. ఫోన్ నంబరు కూడా అట్లనే చూడండి.

మన తెలంగాణలో సర్కారు లాటరీ లేదు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కూడా 2017లో మన రాష్ట్రం నిషేధించింది. మరి మీరు కొనని టికెట్‌కు బహుమతి ఎట్లా వస్తుంది?

పైసలు పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం చేయకపోతే ఆ పైసలను బ్యాంకులో ఆపే వీలుంటుంది. మా చెల్లె ఇరవై రోజులు ఆగింది. అప్పటికే దొంగలు తీసుకున్నారు. ఇప్పుడు నెలనెలా కిస్తీ కడుతున్నది, బర్రె లేకుండానే.

ఇప్పుడు అందరూ ఫోన్లు బయటికి తీయండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. కొట్టారా? పేరు ఏమని రాయాలె అని వెనుక నుంచి ఒక అక్క అడుగుతున్నది. 'దొంగలు' అని రాయి అక్కా. 'ద'కు ఒత్వం, తరువాత సున్న మరిచిపోకు.