జలకన్య అక్కచెల్లెళ్ళు ఏమయ్యారు?

(బాలికల హక్కులపై సికింద్రాబాద్‌లో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి బాల్యవివాహాల గురించీ, బడి మానేసిన ఆడపిల్లల గురించీ, ఇళ్ళలో హింస గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను లేచి పిల్లలు చూసే బొమ్మల సినిమాల గురించి మాట్లాడతానంటే కొందరికి నవ్వు రావచ్చు. నాకూ ఒకప్పుడు అదేమంత ముఖ్యమైన విషయమనిపించలేదు. నా అభిప్రాయం మార్చింది చిలకలగూడ దగ్గర ఒక బస్తీలో ఉండే పన్నెండేళ్ళ పిల్ల.

వేసవి సెలవుల్లో బస్తీ ఆడపిల్లల కోసం మేం ఒక శిబిరం నడుపుతాం. ఎండ తీవ్రంగా ఉండే మధ్యాహ్నాలు కమ్యూనిటీ హాలు తలుపులు మూసి సినిమా వేస్తాం. ఒకరోజు డిస్నీ సంస్థ 1989లో తీసిన 'ది లిటిల్ మెర్‌మెయిడ్' వేశాం. సముద్రంలో ఉండే జలకన్య ఏరియల్ భూమ్మీది రాజకుమారుణ్ణి ప్రేమిస్తుంది. కాళ్ళ కోసం తన గొంతుని మంత్రగత్తెకి సంతకం పెట్టి ఇచ్చేస్తుంది. తనకి పదహారేళ్ళనీ, ఇంకా చిన్నపిల్లని కాననీ తండ్రితో వాదిస్తుంది. చివరికి పెళ్ళి. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఈ పిల్ల కొట్టలేదు. "ఆమెకి పదహారేనంట గద మేడం, మరి మా అక్క పెండ్లెందుకు ఆపిన్రు?" అని అడిగింది.

అంతకు ముందు ఏడాది వాళ్ళక్క పెళ్ళి ఆపించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ అమ్మాయికి అప్పుడు సరిగ్గా పదహారు. 1098కి ఫోన్ చేశాం, అధికారులు వచ్చారు, పెళ్ళి ఆగింది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం గురించి, పద్ధెనిమిదేళ్ళ నియమం గురించి ఆ పిల్లకి వివరించాను. అంతా విన్నది. "మీ అక్క ఏమంటోంది?" అన్నాను. "అక్కనెవ్వరడగలే. మా నాయిన అడగలే, మీరు గూడ అడగలే" అంది.

పెళ్ళి ఆపడం తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ ఆపి, కాగితాల మీద సంతకాలు తీసుకుని, మన రిపోర్టులో ఒక అంకె పెంచుకుని వచ్చేశాం. ఆ అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది, బడికి వెళ్ళలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. గొంతు పోగొట్టుకున్న జలకన్య మన బస్తీలోనే ఉంది.

ఆ రాత్రి హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో రాసిన కథ తీసి మళ్ళీ చదివాను. అది సుఖాంతం కాదు. అందులో రాజకుమారుడు మరొకరిని పెళ్ళాడతాడు. స్త్రీ త్యాగాన్ని మెచ్చుకునే కథ అది, దాన్ని నేను నెత్తిన పెట్టుకోను. కానీ అందులో జలకన్యని పెంచిన నాయనమ్మ ఉంది. ఐదుగురు అక్కలున్నారు. చెల్లెలి ప్రాణం నిలబెట్టడానికి ఆ ఐదుగురూ తమ జుట్టు కత్తిరించి మంత్రగత్తెకి ఇస్తారు. సినిమాలో నాయనమ్మ లేదు. అక్కలు మొదట్లో కాసేపు కనిపించి, మళ్ళీ పెళ్ళికి వస్తారు. వాళ్ళ స్థానంలో ఒక పీత, ఒక చేప, ఒక సముద్రపు పక్షి ఉన్నాయి. మూడూ మగవే. ఏరియల్ అక్కల్లో ఒక్కరికైనా గుర్తుండే మాట ఒక్కటి లేదు.

ఇక్కడి నుంచే నేను ఈ సినిమాలని వేరే రకంగా చూడడం మొదలుపెట్టాను. మామూలుగా మనం నాయికని నాయికతో పోలుస్తాం. 1937 నాటి స్నోవైట్ ఇల్లూడ్చింది, 1959 నాటి అరోరా నిద్రపోయింది, 1991 నాటి బెల్ పుస్తకాలు చదివింది, 1998 నాటి ములాన్ కత్తి పట్టింది, కాబట్టి స్త్రీ పాత్ర ఎదిగిందంటాం. అది అబద్ధం కాదు. కానీ నాయిక పక్కన ఎవరున్నారని అడిగితే లెక్క తిరగబడుతుంది.

కార్మెన్ ఫాట్, కారెన్ ఐసెన్‌హవర్ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు ఈ సినిమాల్లో ఎవరెంత మాట్లాడారో లెక్కపెట్టారు. 2016లో ఆ లెక్కలు బయటికొచ్చాయి. 'స్నోవైట్'లో మాటలు ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ దాదాపు సగం సగం. 1950 నాటి 'సిండరెల్లా'లో 60 శాతం ఆడవాళ్ళవి. అరోరా నిద్రపోయిన 'స్లీపింగ్ బ్యూటీ'లో 71 శాతం ఆడవాళ్ళవే, ఎందుకంటే అక్కడ దేవకన్యలున్నారు, మంత్రగత్తె ఉంది. అదే 'లిటిల్ మెర్‌మెయిడ్'లో 68 శాతం మాటలు మగవాళ్ళవి. 1992 నాటి 'అలాద్దీన్'లో 90 శాతం. యుద్ధం చేసి దేశాన్ని కాపాడిన ములాన్ సినిమాలో కూడా 77 శాతం మగవాళ్ళవే. నాయిక ధైర్యవంతురాలయ్యే కొద్దీ ఒంటరిదైపోయింది!

కొందరు అసలు కథని మార్చడమే తప్పంటారు. నేనలా అనను. అసలు కథంటూ ఏదీ ఒకచోట నిలిచి లేదు. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసినప్పుడు స్నోవైట్‌ని చంపించబోయింది కన్నతల్లే. 1819 నాటికి ఆమెని సవతి తల్లిగా మార్చారు. నిద్రించే సుందరి కథ ఇటలీలో బాసిలె రాసిన రూపంలో రాజు నిద్రలో ఉన్న పిల్లపై అత్యాచారం చేస్తాడు. ఆ దారుణాన్ని తర్వాతి వాళ్ళు ముద్దుగా మార్చారు. ఆ ముద్దుకీ ఆమె అనుమతి లేదన్నది వేరే సంగతి. కథలు మారుతూనే ఉంటాయి. మార్చేటప్పుడు ఎవరిని ఉంచారు, ఎవరిని తీసేశారు అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

2013లో వచ్చిన 'ఫ్రోజెన్' సంగతి చూడండి. ఇందులో నిజంగా కొత్తదనం ఉంది. రాజకుమారుడి ముద్దు కాదు, చెల్లెలి ప్రేమ అక్కని కాపాడుతుంది. ఎల్సాకి పెళ్ళి లేదు. ఉన్న శక్తిని దాచుకొమ్మని చిన్నప్పటి నుంచి నేర్పిన ఇంట్లో ఆమె ఎలా కుంచించుకుపోయిందో మన పిల్లలకి ఎవరూ వివరించనక్కర్లేదు. 2019లో రెండో భాగం తెలుగులో వచ్చినప్పుడు ఎల్సాకి నిత్యా మేనన్ గొంతిచ్చారు. మన శిబిరంలో నాటకం వేస్తే అందరికీ ఎల్సా వేషమే కావాలి.

కానీ దీనికి ఆధారమైన 'మంచు రాణి' కథలో గెర్డా అనే చిన్నపిల్ల తప్పిపోయిన స్నేహితుడి కోసం ఉత్తరాదికి నడిచి వెళుతుంది. దారిలో ఎవరెవరో ఎదురవుతారు. దొంగల ముఠాలోని ఒక మొండి పిల్ల తన దుప్పిని ఇచ్చి పంపుతుంది. లాప్ దేశపు ముసలమ్మ ఎండుచేప మీద ఉత్తరం రాసిస్తుంది. ఫిన్ దేశపు ముసలమ్మ, ఈ పిల్ల శక్తి ఈ పిల్లలోనే ఉంది, నేను కొత్తగా ఇచ్చేదేమీ లేదంటుంది. వీళ్ళెవరూ సినిమాలోకి రాలేదు. మంచు అమ్మే కుర్రాడు, మంచుబొమ్మ, దుప్పి, మోసగాడైన రాజకుమారుడు, అంతా మగవాళ్ళే. ఇద్దరు అక్కచెల్లెళ్ళు నాయికలైన ఆ సినిమాలో కూడా 59 శాతం మాటలు మగవాళ్ళవి.

ఇది ఊరికే జరగలేదు. 1938లో ఉద్యోగం అడిగిన ఒక అమ్మాయికి, సృజనాత్మకమైన పనంతా యువకులే చేస్తారని డిస్నీ స్టూడియో జవాబు రాసింది. ఆడవాళ్ళకి మిగిలింది మగవాళ్ళు గీసిన బొమ్మలకి రంగులు నింపడం. ఆ సంస్థ పెద్ద యానిమేషన్ సినిమాకి ఒక స్త్రీ, లిండా వూల్వర్టన్, స్క్రీన్‌ప్లే రాయడం 1991లోనే జరిగింది. తల్లీకూతుళ్ళ కథ 'బ్రేవ్' తన కూతురితో అనుభవం నుంచి పుట్టిందని చెప్పిన బ్రెండా చాప్‌మన్‌ని సగంలో దర్శకత్వం నుంచి తప్పించారు. 2012లో విడుదలయ్యాక ఆస్కార్ వచ్చింది, అందులో ఆమెకీ భాగం దక్కింది. ఆ సినిమాలో 74 శాతం మాటలు ఆడవాళ్ళవి కావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

అమెరికాని తిట్టి ఊరుకుంటే సరిపోదు. మన హైదరాబాద్‌లోనే గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసిన 'ఛోటా భీమ్' 2008 నుంచి దేశమంతా పిల్లలు చూస్తున్నారు. భీమ్, రాజు, కాలియా, ఢోలు, భోలు, ఆఖరికి కోతి జగ్గు కూడా మగే. రోజూ వాళ్ళతో తిరిగే ఆడపిల్ల చుట్కీ ఒక్కతే. లడ్డూలు చేసేది చుట్కీ వాళ్ళమ్మ, బలం వచ్చేది భీమ్‌కి. భీమ్ చుట్కీని కాదని రాకుమారి ఇందుమతిని పెళ్ళాడాడంటూ 2020లో సోషల్ మీడియాలో పెద్ద గొడవ జరిగింది. వాళ్ళింకా చిన్నపిల్లలు, ఎవరికీ పెళ్ళి కాలేదని సంస్థ ప్రకటించాల్సి వచ్చింది. చుట్కీకి న్యాయం అంటే భీమ్‌తో పెళ్ళేనని అంతమంది అనుకున్నారు. ఆమెకొక స్నేహితురాలు కావాలని ఎవరికీ తోచలేదు.

మనకి వేరే దారి తెలియక కాదు. ఓల్గా గారి 'విముక్త' కథల్లో సీతకి శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఎదురవుతారు. రామాయణంలో విడివిడిగా పడి ఉన్న ఆడవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పాత కథని కొత్తగా చెప్పడమంటే నాకు తెలిసిన అర్థం అదే. నాయిక చేతికి కత్తి ఇవ్వడం తేలిక. తీసేసిన అక్కచెల్లెళ్ళని వెనక్కి తేవడం కష్టం.

ఇప్పుడు శిబిరంలో సినిమా అయ్యాక పిల్లలతో మూడు ప్రశ్నలు మాట్లాడిస్తాం. ఆమెని ఎవరైనా ఏం కావాలని అడిగారా? ఆమెతో ఇంకో ఆడమనిషి ఎంతసేపు మాట్లాడింది? నువ్వే రాస్తే ఆమె పక్కన ఎవరిని పెడతావు? మూడోదానికి పిల్లలు పేజీలకి పేజీలు రాస్తారు. అమ్మమ్మని పెట్టినవాళ్ళున్నారు, టీచరమ్మని పెట్టినవాళ్ళున్నారు. ఆ పన్నెండేళ్ళ పిల్ల వాళ్ళక్కని పెట్టింది.

ఆ అక్క దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. మొదటిసారి లోపలి గదిలోంచి రాలేదు. రెండోసారి వచ్చి నిలబడింది. మూడోసారి చెల్లెలూ, పక్కింటి అమ్మాయిలిద్దరూ మాతో కూచుంటే అప్పుడు మాట్లాడింది. పెళ్ళి వద్దని తనకీ అనిపించిందట. అయితే అందరి ముందూ పోలీసులొచ్చి ఆపడం వల్ల తనే తప్పు చేసినట్టయిందని చెప్పింది. పది పూర్తిచేయాలని ఉందంది. ఓపెన్ స్కూల్ ఫారం ఆ ముగ్గురు అమ్మాయిలే నింపిపెట్టారు. ఫలితం ఏమవుతుందో చెప్పలేను. తండ్రి ఇంకా ముభావంగానే ఉన్నాడు.

మనం గుర్రమెక్కి వచ్చి కాపాడి వెళ్ళిపోయే రాజకుమారుల్లా పనిచేస్తున్నామేమో ఆలోచించమని అడగడానికే ఈ బొమ్మల కథంతా చెప్పాను. ఎండుచేప మీద ఉత్తరం రాసిచ్చిన ముసలమ్మ చేసిన పని చిన్నదే. ఆ పిల్లకి తర్వాతి ఇంటి దారి చూపించింది, అంతే. మనం చేయగలిగిందీ అదే.