డొంక లేని రాజీ

(సంఘం కార్యకర్తలకు మానవ హక్కులు, గ్రామాల్లో సయోధ్య అనే అంశంపై జరిపిన రెండు రోజుల శిక్షణ తరగతుల్లో శిక్షణ బృందం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దున తరగతి మొదలవగానే మీకు తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, మీ ఊరి పటం గీయమన్నాం. చాలామంది సర్వేయర్ కంటే బాగా గీశారు. కాలువ, తూము, రామాలయం, పాలకేంద్రం, సొసైటీ గోడౌను, ఎవరి చేను ఎక్కడ, ఎవరి మోటారు ఎక్కడ, అన్నీ ఉన్నాయి. చివర్లో ఇంకొక్కటి అడిగాం. కాలనీవాళ్ల శ్మశానం ఎక్కడుంది, శవాన్ని ఏ దారిన మోసుకుపోతారో గీత గీయండి అని. సగానికి పైగా కాగితాల్లో ఆ గీత లేదు. తెలిసీ దాచారని మేం అనడం లేదు. ఆ దారిన నడవాల్సిన పని మనకు పడలేదు, అంతే. కాలనీ నుంచి వచ్చిన ముగ్గురు కార్యకర్తలు మాత్రం ముందు ఆ దారి గీసి, తర్వాత మిగతా ఊరు గీశారు.

మానవ హక్కులు అనగానే మన సంఘంలో అందరికీ పోలీసులు గుర్తొస్తారు. అందులో తప్పులేదు. 2010 జూలై 14న సోంపేట బీల భూముల దగ్గర థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద కాల్పులు జరిగాయి. 2007లో ముదిగొండలో ఇళ్ల స్థలాలు, భూమి అడిగిన పేదల మీద జరిగాయి. అలాంటప్పుడల్లా పౌరహక్కుల సంఘాలవాళ్లు వచ్చారు, నిజనిర్ధారణ చేశారు, మన తరఫున రాశారు, కోర్టుకెళ్లారు. సర్కారు మన మీదికి వచ్చినప్పుడు హక్కులు మనకు బాగా అర్థమవుతాయి. అదే మాట మన గట్టు దాకా, మన డొంక దాకా వస్తే గొంతు మారుతుంది. ఈ రెండు రోజుల తరగతులు ఆ మారే గొంతు గురించే. అందుకని ఎవరి సంగతో చెప్పకుండా, ముందు మేం చేసిన తప్పు చెబుతాం. ఊరి పేరు చెప్పం. ఆ ఊరివాళ్లు ఇక్కడున్నారు, వాళ్లకు తెలుసు.

నాలుగేళ్ల కిందటి మాట. కాలనీ నుంచి శ్మశానానికి పోయే డొంక ఒకటి ఉండేది. రికార్డులో డొంక పోరంబోకు. పక్క చేనుగల రైతు మన సభ్యుడు. సొంతం ఎకరంన్నర, కౌలుకి ఇంకో మూడెకరాలు. డొంకను చేలో కలుపుకున్నది ఆయన కాదు, వాళ్ల నాన్న. ఏటా ఒక చాలు చొప్పున గట్టు చెక్కుతూ పోతే, ఈయన చేతికొచ్చేసరికి డొంక మొత్తం మడి అయిపోయింది. వేసవిలో ఎవరన్నా పోతే ఇబ్బంది లేదు, కోసిన చేలో నడుస్తారు. ఆ ఏడు కాలనీలో ఒక పెద్దాయన నాట్లు పడిన పది రోజులకు చనిపోయాడు. శవాన్ని నాటిన మడిలోంచే తీసుకెళ్లారు. మొక్క తొక్కుడుపడింది. మాటామాటా పెరిగింది. పాడె మోసిన కుర్రాడికి చెయ్యి విరిగింది, కులం పేరు పెట్టి తిట్టారు. కేసయింది.

తర్వాత జరిగిందే అసలు సంగతి. కాలనీ ఆడవాళ్లను కలుపుకి పిలవడం మానేశారు. పక్క మండలం నుంచి ఆటోల్లో కూలీలను తెచ్చారు. కిరాణా కొట్టులో అప్పు ఆగిపోయింది. పాలకేంద్రంలో వాళ్ల పాలకు వెన్న శాతం తక్కువొచ్చిందని వెనక్కి పంపారు. ఇదంతా ఎవరూ తీర్మానం చేసి చేసింది కాదు. ఒకరిని చూసి ఒకరు చేశారు. చేసినవాళ్లలో మన సభ్యత్వ రసీదు జేబులో ఉన్నవాళ్లు చాలామంది.

అప్పుడు మేం వెళ్లాం. రెండు రోజులు కూర్చున్నాం. ఊరి పెద్దల్ని, కాలనీ పెద్దల్ని ఒకచోట కూర్చోబెట్టాం. ఆసుపత్రి ఖర్చుకింద ముప్పై వేలు ఇప్పించి, కేసు ముందుకు పోకుండా చూసుకుంటామని కాలనీవాళ్ల చేత కాగితం రాయించాం. అందరం టీ తాగాం. ఫోటో తీసి ఇదే పత్రికలో వేశాం, 'సయోధ్య' అని పెద్దక్షరాలతో.

ఆ మధ్యాహ్నం, చనిపోయినాయన భార్య అరుగు కింద నిలబడి ఒక్క మాట అడిగింది. 'మరి డొంక సంగతేంటి బాబూ?' అని. 'అది తర్వాత చూద్దాంలే అమ్మా' అన్నాం. రాజీ కాగితంలో డొంక అన్న మాటే లేదు. ఈ ప్రసంగం కోసం ఆ కాగితం తీసి మళ్లీ చదివాం. నిజంగానే లేదు.

ఆ రెండు వాక్యాల రాజీలో మేం ఎన్ని తప్పులు చేశామో తర్వాత తెలిసింది. మొదటిది, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసు అరుగు మీద రాజీ పడే కేసు కాదు. పెద్దమనుషులు కాగితం రాసుకున్నంత మాత్రాన అది పోదు, కోర్టు దాకా పోతుంది. మరి అది 'ముందుకు పోకుండా' ఉండాలంటే ఏం జరగాలి? సాక్షులు బోనెక్కి, మేం ఏమీ చూడలేదని చెప్పాలి. చెయ్యి విరిగినవాడే, ఎలా విరిగిందో గుర్తులేదనాలి. అదే జరిగింది. మనం వాళ్లను అడిగింది శాంతి కాదు, ప్రమాణం చేసి అబద్ధం చెప్పమని. రేపు వాళ్లకు ఇంకేదన్నా జరిగి స్టేషన్‌కు వెళితే, 'మీరు అప్పుడూ ఇలాగే కేసు పెట్టి మాట మార్చారుగా' అంటారు. అబద్ధపు కేసులని మనం అరుగుల మీద చెప్పుకునేవాటిలో ఎన్ని ఇలా మనమే తయారు చేసినవో ఒకసారి లెక్కవేసుకోవాలి.

రెండోది, ఆ చట్టంలో ఉన్నవి వాళ్లకు మేం చెప్పలేదు. మాకూ తెలియదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. పరిహారం విడతలుగా వస్తుంది, శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. సాక్షికి కోర్టుకు వెళ్లొచ్చే ఛార్జీలు, ఆ రోజు కూలి ఇవ్వాలి. బాధితులకు, సాక్షులకు రక్షణ కల్పించే బాధ్యత ప్రభుత్వానిది. ఇక సాంఘిక, ఆర్థిక బహిష్కరణ. పనికి పిలవకపోవడం, కొట్లో సరుకు ఇవ్వకపోవడం 2015 సవరణలో నేరాలుగా చేరాయి, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నాయి. అంటే అసలు గొడవలో ముద్దాయిలు ముగ్గురైతే, తర్వాతి నెలరోజుల్లో ఊరు ఊరంతా ముద్దాయి అయింది. ఆ సంగతి ఊళ్లో ఒక్కరికీ తెలియదు. నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీల బహిష్కరణల గురించి పేపర్లో చదివి, అక్కడ ఇంత అన్యాయమా అనుకున్నాం. మన దగ్గర కమిటీ లేదు, తీర్మానం లేదు, పని మాత్రం అదే.

ఈ చట్టం రైతుల మీదికి తెచ్చిన కత్తి అని మనలో కొందరంటారు. ఆ భయాన్ని ఎగతాళి చెయ్యం. ముందస్తు బెయిలు దొరకదన్న బెదురు నిజమైనదే. అయినా ఆరోపణ పైపైన చూస్తేనే నిలవనప్పుడు ముందస్తు బెయిలు ఇవ్వొచ్చని 2020లో సుప్రీంకోర్టే చెప్పింది. కత్తి అన్నవాళ్లను మేం ఒక్కటే అడుగుతాం. ఆ కత్తి కారంచేడు బాధితులకు ఎంత పదునుగా పనిచేసింది? అప్పటికి అసలు ఈ చట్టమే లేదు. 1985 జూలై 17న మంచినీళ్ల చెరువు దగ్గర గొడవ సాకుగా ఆరుగురు మాదిగలను చంపారు. కేసు 2008 డిసెంబరులో సుప్రీంకోర్టులో గానీ తెమల్లేదు. 23 ఏళ్లు. బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి బాధితుల పక్కన నిలబడ్డారు. చీరాలకు పారిపోయిన కుటుంబాలు చాలావరకు మళ్లీ ఆ ఊరికి పోలేదు, చీరాలలోనే కాలనీ కట్టుకుని ఉండిపోయాయి. ఊళ్లో అందరూ కలిసిపోవాలని చెప్పడం తేలిక. కలవను, వెళ్లిపోతాను అనడం కూడా వాళ్ల హక్కేనని మనకు కారంచేడు చెప్పింది.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి కాలువలో, డ్రెయిన్‌లో పడేశారు. దానికి ముందు ఏం జరిగింది? సినిమా హాల్లో మొదలైన గొడవ, ఆ తర్వాత దళితులను పొలం పనులకు పిలవడం మానేశారు. ఈ వరుస మనకు తెలిసిందే కదా. మన ఊళ్లో కలుపు దగ్గర ఆగింది, అక్కడ ఆగలేదు. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఒకే కేసు, రెండు తీర్పులు. అందుకే కోర్టొక్కటే అన్నీ సరిచేస్తుందని మేం అనడం లేదు. కోర్టు పని కోర్టు చెయ్యాలి, దాన్ని అరుగు మీద చెడగొట్టే హక్కు మనకు లేదు అంటున్నాం.

ఇలాంటి తరగతుల్లో ఎవరో ఒకరు లేచి దక్షిణాఫ్రికా సంగతి తెస్తారు. పోయినసారీ అడిగారు. అక్కడ జైళ్లూ శిక్షలూ లేకుండా మాట్లాడుకుని కలిసిపోయారట కదా, మనమెందుకు చెయ్యలేం అని. వాళ్లు చేసింది చిన్న పనేమీ కాదు. ఆర్చిబిషప్ టూటూ అధ్యక్షతన సత్యం, సయోధ్య కమిషన్ 1996 ఏప్రిల్‌లో విచారణలు మొదలుపెట్టింది. ఇరవై వేల మందికి పైగా బాధితులు వాంగ్మూలాలిచ్చారు. టీవీలో, రేడియోలో దేశమంతా విన్నది. చంపినవాడు వచ్చి ఎలా చంపాడో చెప్పాడు. గమనించండి, క్షమాభిక్ష కావాలంటే జరిగింది జరిగినట్టు బయటపెట్టాలన్నది షరతు. దరఖాస్తులు ఏడు వేలు దాటితే, క్షమాభిక్ష దొరికింది తొమ్మిది వందల మందికి లోపే. మన రాజీ దానికి తలకిందులు. అక్కడ నిజం చెబితే క్షమాపణ, ఇక్కడ నిజం దాస్తే ముప్పై వేలు.

అయినా అక్కడ కూడా ఒక డొంక మిగిలిపోయింది. రైతులం కాబట్టి మనం దాని గురించి మాట్లాడాలి. 1913లో తెల్ల ప్రభుత్వం భూమి చట్టం తెచ్చి నల్లవాళ్లకు దేశం భూమిలో ఏడు శాతం మిగిల్చింది, తర్వాత 1936లో దాన్ని పదమూడు శాతం చేసింది. సత్యం కమిషన్ చూడాల్సిన కాలం 1960 నుంచి. అది వినాల్సినవి హత్యలు, చిత్రహింసలు, మాయం చేయడాలు. తాతల నాడు పోయిన భూమి దాని పరిధిలోకి రాలేదు. మహమూద్ మందానీ లాంటి పండితులు అప్పుడే ఈ మాట అన్నారు. భూమి తిరిగివ్వడానికి వేరే చట్టం ఉంది, ఐదేళ్లలో ముప్పై శాతం సాగుభూమి చేతులు మారాలని గురిపెట్టుకున్నారు. గడువు దాటింది, ఇంకో గడువు పెట్టారు, అదీ దాటింది. కన్నీళ్లు నిజమైనవే, ఆలింగనాలూ నిజమైనవే. మడి మాత్రం ఎవరిదగ్గరున్నది వాళ్లదగ్గరే ఉంది.

మన ఊరికి తిరిగొస్తే, పోయిన శ్రావణంలో కాలనీలో ఇంకో చావు జరిగింది. మన రాజీ కాగితం అమల్లోనే ఉంది కాబట్టి ఎవరూ మడిలో అడుగుపెట్టలేదు. మొలలోతు కాలువ నీళ్లలో దిగి, పాడెను భుజాలపైకెత్తి అవతలి గట్టుకు చేర్చారు. గొడవేమీ జరగలేదు. ఊరు ప్రశాంతంగా ఉంది. ఆ వార్త విన్నప్పుడే మా బృందానికి ఈ తరగతుల పాఠం మార్చాలనిపించింది.

ఇప్పుడు ఆ ఊరి పెద్దలే మళ్లీ కబురు చేశారు, శాంతి సభ పెట్టండని. వెళ్తాం. అయితే ముందు కాలనీకి వెళ్లి అడిగాం. ఆ పెద్దావిడ ఈసారి అరుగు కింద లేదు, తన ఇంటి గడపలో కూర్చుంది. 'డొంక వేశాక రండి, టీ నేనే పెడతా' అంది. మన సభ్యుడి దగ్గరికీ వెళ్లాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కేసులో రెండు వారాలు లోపలున్నాడు, ఆ ఏడు పంట పోయింది, బ్యాంకు బాకీ ఇంకా తీరలేదు. చివరికి, 'కొలిపించండి. రాయి ఎక్కడ పడితే అక్కడ పాతుకోండి. అయితే నా ఒక్కడిదే కొలవొద్దు, డొంక చివరి దాకా కొలవండి' అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. డొంక పొడుగునా ఇంకో ఐదుగురివి చేలున్నాయి. అందులో ఇద్దరు ఆరోజు ఫోటోలో పెద్దమనుషులుగా నిలబడ్డవారు.

కాబట్టి వరుస మార్చాం. ముందు సర్వే దరఖాస్తు, పటం ప్రకారం కొలత, రాళ్లు. దరఖాస్తు కాలనీవాళ్ల పేరు మీద కాదు, సంఘం పేరు మీద పెడుతున్నాం. కోపం వస్తే మన మీదికే రానివ్వండి. రెండోది, నెలాఖరున అధికారులు జరిపే పౌరహక్కుల దినం. తహసీల్దారు, ఎస్సై వచ్చి కాలనీ కమ్యూనిటీ హాల్లో చట్టం గురించి చెప్పి వెళ్తారు. దెబ్బ తిన్నవాళ్లకు మళ్లీ మళ్లీ వాళ్ల హక్కులే చెబుతారు, వాటిని తీసేసుకున్నవాళ్లు ఆ సమయానికి పాలకేంద్రం దగ్గర క్యూలో ఉంటారు. ఈసారి దాన్ని పాలకేంద్రం ముందే పెట్టమని అర్జీ ఇచ్చాం, ఒప్పుకునేలా ఉన్నారు. బహిష్కరణ నేరమన్న సంగతి అక్కడ మన రైతులు వినాలి. మూడోది మన గురించి. 'సయోధ్య' అని వేసిన అదే పేజీలో, అది సయోధ్య కాదని, సాక్షుల చేత అబద్ధం చెప్పించామని పత్రికలో వేస్తాం. దీనికి కార్యవర్గంలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు, సంఘం పరువు పోతుందని. చర్చ జరిగింది, వెయ్యాలనే తేలింది.

శాంతి సభ సంగతి ఆ తర్వాత. అది జరగాలో వద్దో కాలనీవాళ్లు చెబుతారు.

నాట్లు మొదలైతే సర్వేయర్ గొలుసు మడిలో దిగదు, కాబట్టి ఈ నెలలోపే కొలత అయిపోవాలి. కొలిచే రోజు మాతోపాటు డొంక మీద నిలబడటానికి పదిహేను మంది కావాలి, అందులో ఆ మండలం రైతులు కనీసం పది మంది ఉండాలి. భోజనాలయ్యాక గుమ్మం దగ్గర పుస్తకం పెడతాం, పేర్లు రాయండి. పొద్దున గీసిన పటాలు కూడా ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి. ఆ గీత లేనివాళ్లు ఊరికెళ్లాక ఆ దారి చివరి దాకా ఒకసారి నడిచి, గీసి పంపండి.