ఇంటి కింద కుంపటి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోను చేసి, "పదిహేను నిమిషాలు మాట్లాడాలి, విషయం నీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో ఫర్నేసు గురించి మాట్లాడతానంటే ఆయన కాసేపు పలకలేదు. "మన ఊళ్లో ఏప్రిల్ వస్తే కాళ్లు కాలిపోతాయి. ఇల్లు వెచ్చబెట్టుకునే సంగతి ఇక్కడెవరికి కావాలయ్యా?" అన్నారు. రెండు కారణాలు చెప్పాను. ఒకటి, ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది పిల్లలు చలిదేశాల్లో ఉన్నారు. పురుడు పోయడానికో, మనవల్ని చూసుకోవడానికో మీరు ఏదో ఒక చలికాలం అక్కడ గడపక తప్పదు. రెండోది, నేను ఈ బళ్లోనే నేర్చుకుని, మరిచిపోయి, మళ్లీ చాలా ఖరీదుగా నేర్చుకున్న ఒక పాఠం ఉంది. దాన్ని ఇక్కడే ఒప్పుకోవాలి.

2004 జనవరి. మేము మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్నాం. మా రెండో పాప పుట్టింది. అమ్మా నాన్నా వచ్చారు. బయట మోకాటి లోతు మంచు. అమ్మ దిగిన రోజే అడిగింది: "ఒరేయ్, బాలింత ఉన్న ఇల్లు, కుంపటి ఏదిరా?" నేను నవ్వి, "ఇల్లంతటికీ ఒకటే కుంపటమ్మా, నేలమాళిగలో ఉంది" అని కిందికి తీసుకెళ్లి చూపించాను. బీరువాలాంటి ఇనప పెట్టె. అమ్మ దానికి దణ్ణం పెట్టినంత పని చేసింది.

ఆ పెట్టె చేసే పని చాలా సులువు. అడుగున సహజవాయువు మండుతుంది. ఆ మంట వేడి లోహపు గొట్టాల్లోంచి పోతుంది. ఆ గొట్టాల బయటి వైపున ఇంట్లో గాలిని ఒక పెద్ద ఫ్యాను తోస్తుంది. గాలి వేడెక్కి, గోడల్లోని రేకు గొట్టాల ద్వారా ప్రతి గదికీ వెళ్తుంది, చల్లారి వెనక్కి వస్తుంది. మంట తాలూకు పొగ మాత్రం వేరే గొట్టంలోంచి ఇంటి బయటికి పోవాలి. మనం పీల్చే గాలి, మంట వదిలే పొగ ఎక్కడా కలవకూడదు. ఈ యంత్రం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ధర్మసూత్రం అదే.

ఇల్లు తగినంత వెచ్చబడితే మంట ఆగాలి, చల్లబడితే మళ్లీ వెలగాలి. ఆ పని థర్మోస్టాట్‌ది. ఉపాధ్యాయులున్న సభ కాబట్టి దాని పుట్టుక చెప్పాలి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్ ఊళ్లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉండేది. అక్కడ వారెన్ జాన్సన్ అనే ఆయన పాఠాలు చెప్పేవారు. తరగతి గది ఎంత వెచ్చగా ఉందో చూడటానికి బడి నౌకరు పాఠం మధ్యలో వచ్చి, కిందికి వెళ్లి, వేడిగాలి తలుపులు సవరించేవాడు. పాఠం చెదిరిపోతోందని విసుగెత్తిన జాన్సన్, గది ఉష్ణోగ్రతను బట్టి నౌకరుకు గంట మోగే విద్యుత్ పరికరం తయారుచేశారు. 1883లో పేటెంటు తీసుకున్నారు. తర్వాత పెద్ద కంపెనీనే పెట్టారు. పాఠం మధ్యలో ఎవరైనా తలుపు తోస్తే మా లెక్కల మాస్టారికి ఎంత కోపం వచ్చేదో గుర్తున్నవాళ్లకు ఈ కథ ఆశ్చర్యం కలిగించదు.

ఇప్పుడు ఇంటాయన చేతిలో ఉన్న పనులు చెబుతాను. మీ పిల్లలకు ఫోనులో చెప్పండి.

మొదటిది ఫిల్టరు. వెనక్కి వచ్చే గాలిలోని దుమ్మును పట్టే అట్టలాంటిది. అంగుళం మందం ఉన్నదైతే ఒకటి నుంచి మూడు నెలలకోసారి మార్చాలి. దాని అంచు మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఫర్నేసు వైపు చూడాలి. ఫిల్టరు పూడుకుపోతే గాలి ఆడదు, లోపలి గొట్టాలు విపరీతంగా కాలి, రక్షణ స్విచ్చి పడి మంట ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. ఏళ్ల తరబడి అలా కాలుతూ చల్లారుతూ ఉంటే ఆ లోహం పగులుతుంది. ఆ పగులుతో మొత్తం ఫర్నేసునే మార్చాల్సి రావచ్చు. కొద్ది డాలర్ల ఫిల్టరు దగ్గర బద్ధకిస్తే వేల డాలర్లు పోతాయి.

రెండోది, ఫర్నేసు పనిచేయకపోతే మెకానిక్కును పిలిచే ముందు చూడవలసినవి. థర్మోస్టాట్‌లో బ్యాటరీ అయిపోయిందా? ఫర్నేసు దగ్గరో, నేలమాళిగ మెట్ల దగ్గరో ఒక స్విచ్చి ఉంటుంది, చాలా ఇళ్లలో దాని పలక ఎర్రగా ఉంటుంది. అది ఆపేసి ఉందా? మా నాన్నగారు కరెంటు వృథా అవుతోందని కనిపించిన స్విచ్చల్లా ఆపేవారు. ఒక రాత్రి మేమంతా వణికాం. తెల్లారి వచ్చిన మెకానిక్కు ఆ స్విచ్చి పైకి నొక్కి, బిల్లు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మూడోది, మంట వెలిగి కొద్ది సెకన్లలో ఆరిపోతూ, రెండు మూడు సార్లు ప్రయత్నించి మొరాయిస్తే, చాలాసార్లు తప్పు ఫ్లేమ్ సెన్సరుది. మంటలో ఉండే సన్నటి కడ్డీ అది. మంట నిజంగా ఉందని కంట్రోలు బోర్డుకు సాక్ష్యం చెప్పడమే దాని పని. మీద పొర కడితే ఆ సాక్ష్యం అందదు. సాక్ష్యం లేకపోతే బోర్డు గ్యాసు కట్టేస్తుంది. కరెంటు, గ్యాసు ఆపి, ఒక్క మర విప్పి, సన్నటి స్టీలు పీచుతో మెల్లగా తుడిస్తే చాలు. గ్యాసు వాల్వు, బర్నర్లు, పొగ గొట్టం మాత్రం మన పని కాదు. ఏటా చలికాలానికి ముందు లైసెన్సున్న మనిషి చేత చూపించాలి.

నాలుగోది, కొత్తది పెట్టించేటప్పుడు. పెద్దది కొంటే మంచిదనుకుంటాం. మా పాతది గంటకు 1,20,000 బీటీయూల యంత్రం. గోడలు, కిటికీలు, అటక అన్నీ లెక్కగడితే ఇంటికి 70,000 చాలని తేలింది. అవసరానికి మించినది ఊరికే వెలిగి ఆరుతూ త్వరగా అరుగుతుంది, గదులూ సమంగా వెచ్చబడవు. "మాన్యువల్ జె" అనే లెక్క వేయమని కాంట్రాక్టరును అడగండి. పాత దాని మీద రాసిన అంకె చూసి అదే పెడతానంటే ఇంకొకరిని పిలవండి.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

మా ఫర్నేసు పాత రకం. అది, నీళ్లు కాచే గ్యాసు ట్యాంకు ఒకే చిన్న గదిలో ఉండేవి. పొగ దానంతట అది వేడికి పైకి లేచి చిమ్నీలోంచి పోవాలి. ఆ గదిలోకి బయటి నుంచి ఒక గాలి గొట్టం ఉంది. దాంట్లోంచి చల్లగాలి జివ్వున వచ్చేది. పక్కనే పాపకు పాలసీసాలు కడిగే సింకు. మా ఆవిడ కాళ్లు గడ్డకడుతున్నాయంది. ఇల్లు వెచ్చబెట్టడానికి డబ్బు పోస్తూ ఈ బొక్క ఎందుకనుకుని, నేను ఒక పాత దుప్పటి తెచ్చి ఆ గొట్టంలో కుక్కాను. ఆ ఏడాదే కిటికీల సందులన్నీ కూడా మూయించాను. ఇంజినీరునని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పసిపిల్ల ఉన్న ఇల్లు. బట్టలారబెట్టే యంత్రం రోజంతా తిరిగేది. అది గాలిని బయటికి తోస్తుంది. బాత్రూము ఫ్యాను, వంటింటి ఫ్యాను కూడా అంతే. ఇంట్లోకి గాలి వచ్చే దారులన్నీ నేను మూసేశాను. బయటికి పోయిన గాలి ఎక్కణ్నుంచో ఒకచోట నుంచి రావాలి కదా, చిమ్నీలోంచే వెనక్కి వచ్చింది, పొగతో సహా. గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడ్ పుట్టించింది.

అమ్మ పడుకునే గది ఆ ఫర్నేసుకు సరిగ్గా పైన. రెండు రోజులుగా తలనొప్పి, వికారం అంటోంది. ప్రయాణం బడలిక అన్నాను. అమృతాంజనం రాసుకుని పడుకుంది. కింది అంతస్తులో ఉండాల్సిన అలారం, నేను వారం కిందట ఊడదీసి సొరుగులో పడేసినది. నిమిషానికోసారి కిచుక్కుమంటుంటే పాప లేస్తోందని తీసేశాను. దాని ఆయుష్షు తీరిందని అది చెబుతోంది, నేను వినలేదు.

రెండో రాత్రి రెండింటికి పై అంతస్తు అలారం మోగింది. మంచులోకి అందరం పరుగెత్తాం. అమ్మను నేను మోసుకెళ్లాను, తనంతట తను నడవలేకపోయింది. 911కు ఫోను చేశాం. అగ్నిమాపకదళం వాళ్లు మీటరు పట్టుకుని లోపలికి వెళ్లారు. ఆ గదిలో 90 పీపీఎం. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, అమ్మ కోలుకుంది. పాప మా గదిలో పైన ఉండబట్టి బతికిపోయింది. మర్నాడు మెకానిక్కు ఆ గొట్టంలోంచి దుప్పటి బయటికి లాగి, నా ముందు నేల మీద పెట్టాడు. ఒక్క మాట కూడా అనలేదు.

మాస్టారూ, ఏడో తరగతిలో మీరు వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించారు. మంట చిన్నదై ఆరిపోయింది. "ఏం తెలిసిందిరా?" అని మీరడిగితే నేనే లేచి జవాబు చెప్పాను. శభాష్ అన్నారు. ఇరవై ఏళ్లకు పైన గడిచాక, మా అమ్మ పడుకున్న ఇంటి మీద నేనే ఆ గ్లాసు బోర్లించాను. మార్కులు వచ్చాయి గానీ పాఠం రాలేదు మాస్టారూ. అది మీ తప్పు కాదు.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అమెరికాలో అగ్నిప్రమాదాలు కాకుండానే, పొరపాటున దీని బారిన పడి ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారు. తలనొప్పి, వికారం, నీరసం అన్నీ ఫ్లూ లక్షణాల్లాగే ఉంటాయి. ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చి, బయటికెళ్తే తగ్గుతుంటే, అది ఫ్లూ కాదు. అలారం ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా ఉండాలి. నాలుగు కూతలు వరసగా వస్తే ప్రమాదం, వెంటనే అందరూ బయటికి. నిమిషానికొక కూత అయితే బ్యాటరీ గానీ అలారం గానీ అయిపోయినట్టు, ఆ రోజే కొత్తది తేవాలి. కొత్త ఫర్నేసులకు గాలి, పొగ గొట్టాలు ఇంటి పక్క గోడలోంచి వస్తాయి. మంచు కురిసినప్పుడల్లా వాటి చుట్టూ పారతో తీసేయాలి.

మా అమ్మ అన్న మాటతో ముగిస్తాను. ఆస్పత్రిలో కళ్లు తెరిచి, "నిన్ను కన్నప్పుడు మా అమ్మ మంచం కింద కుంపటి పెట్టింది, నాకేం కాలేదేరా?" అంది. అది పెంకుటిల్లమ్మా, కప్పు సందుల్లోంచి గాలి ఆడేది అన్నాను. ఇవాళ మన ఊళ్లో పెంకుటిళ్లు లేవు. శ్లాబు ఇళ్లు, ఏసీ కోసం బిగించిన కిటికీలు. బాలింత గదిలో బొగ్గుల కుంపటి ఇంకా పెడుతున్నవాళ్లున్నారు. తలుపు మూసిన బాత్రూములో గ్యాసు గీజరు, చలేస్తోందని వెంటిలేటరుకు అడ్డం పెట్టిన అట్టముక్క మన హైదరాబాదులోనూ ఉన్నాయి. స్నానానికి వెళ్లినవాళ్లు బయటికి రాని వార్తలు మీరూ చదివే ఉంటారు. నా దుప్పటికీ ఆ అట్టముక్కకూ తేడా లేదు.

ఈ రోజు ఇంటికెళ్లాక రెండు పనులు చేయండి. గీజరు బాత్రూము లోపల ఉంటే బయటి గోడకు మార్పించండి. అంతవరకూ ఆ అట్టముక్క తీసేయండి. చలిదేశంలో ఉన్న పిల్లలకు ఫోను చేసి, "అలారం ఎప్పుడు కొన్నావురా?" అని అడగండి. వెనక తేదీ ఉంటుంది, చూసి చెప్పమనండి.